దేవుడు దేశాలను ఏలుతున్నాడంటే నాకెందుకు ధైర్యం రావడం లేదు?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మా తమ్ముడు పనిచేసే దేశంలో యుద్ధం మొదలైంది. ఎయిర్‌పోర్టు మూసేశారు. రాత్రి పెట్టిన మెసేజ్‌కి ఇంకా ఒకటే టిక్. సంఘంలో అందరూ "రాజుల హృదయాలు దేవుని చేతిలో ఉన్నాయి" అంటున్నారు. నమ్ముతాను. కానీ ఆ మాట వింటుంటే కోపం వస్తోంది. చేతిలో ఉంటే ఆపొచ్చు కదా? ఇలా అడగడం అవిశ్వాసమా?

జవాబు:
కాదక్కా. హబక్కూకు మొదటి అధ్యాయం తియ్యండి, ప్రవక్తే అలా నిలదీశాడు. వచ్చిన జవాబు ఇంకా భయపెట్టేది: కల్దీయులను, అంటే బబులోనువాళ్లను, నేనే రేపుతున్నాను అన్నాడు దేవుడు. మనమైతే అక్కడే బైబిల్ మూసేస్తాం! హబక్కూకు మూడో అధ్యాయంలో పెదవులు వణుకుతున్నాయని రాసుకున్నాడు. ఆ వెంటనే, అంజూరపు చెట్టు పూయకపోయినా ఆనందిస్తానన్నాడు. వణుకు తగ్గిందని మాత్రం ఎక్కడా లేదు.

నన్ను నిలబెట్టింది యెషయా 40. దేశాలు చేద నుంచి జారే బొట్టులాంటివని 15వ వచనం. కానీ 10, 11 కలిపి చదవండి. ఏలే బాహువు, గొర్రెపిల్లలను కూర్చి రొమ్మున మోసే బాహువు ఒకటే.

మరో జవాబు:
సిస్టర్ చెప్పింది బాగుంది, కానీ ఒక్క మాట. బబులోను చేతిలో యెరూషలేము కూలింది క్రీ.పూ. 586లో, పారసీక రాజు కోరెషు ఆ బబులోనును పట్టుకున్నది 539లో. మధ్యలో బబులోను చెరలోనే కన్నుమూసిన యూదులు, ఆ తర్వాత కోరెషు ఇచ్చిన విడుదల చూడలేదు. "దేవుడు ఏలుతున్నాడు, కాబట్టి మీవాడికి ఏమీ కాదు" అనే హామీ వాక్యంలో లేదు.

మొదటి జవాబిచ్చినావిడ:
ఒప్పుకుంటాను బ్రదర్. దేవుని ఉద్దేశాలు మన మేలుకే అని చెప్పే యిర్మీయా 29:11 గోడకు తగిలించుకుంటాం, దాని ముందే ఉన్న డెబ్బై ఏళ్ల చెర సంగతి ఎవరూ ఎత్తరు. మా అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు "అంతా మంచికే" అన్నవాళ్లను చూస్తే లేచి వెళ్లిపోవాలనిపించేది. అమ్మ దక్కలేదు. ఆ అధ్యాయంలోనే నాకు పనికొచ్చింది 7వ వచనం: చెరపట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమని. అప్పుడు పక్క బెడ్‌లవాళ్ల కోసం ప్రార్థించడం మొదలుపెట్టాను, కొంచెం ఊపిరాడింది. అక్కా, తమ్ముడితోపాటు ఆ ఊరి కోసం కూడా పేరు పెట్టి అడగండి.

ప్రశ్న అడిగినావిడ:
యెషయా 40 పూర్తిగా చదివాను. "నా దారి దేవునికి కనబడడం లేదు" అని 27లో ఇశ్రాయేలీయులూ అన్నారట! నన్నెవరూ తిట్టనందుకు థ్యాంక్స్. టీవీ కట్టేసి అమ్మా నేనూ ప్రార్థనకు కూర్చుంటున్నాం. ఈమధ్య రాయబార కార్యాలయం హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినవాళ్లుంటే, ఏ టైంలో లైన్ దొరుకుతుందో చెప్పండి.