దీపం కొండెక్కింది, బల్బు మాడిపోయింది. మరి ఎల్‌ఈడీ?

మొన్న ఆదివారం మా మేనల్లుడి మోడల్ రైలింజనుకు హెడ్‌లైటు మారుస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాం. ఇంజను హెచ్‌ఓ స్కేలుది, అంటే అసలు దాంట్లో 87వ వంతు. అందులో పాత బల్బు గోధుమ గింజంత ఉంటుంది, దానికి ఇంగ్లీషు పేరే గ్రెయిన్ ఆఫ్ వీట్. కాసేపు వెలిగితే చాలు, ఆ వేడికి ముందువైపు ప్లాస్టిక్ మెత్తబడుతోంది. అందుకని విశాఖ డాబాగార్డెన్స్‌లో వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు రెండు కొన్నాం.

మొదటిది తొందరలో, కరెంటును అదుపులో ఉంచే రెసిస్టరు లేకుండా పట్టాల కరెంటుకు కలిపేశాను. తెల్లగా ఒక్క మెరుపు, చిన్న వాసన, అంతే, మళ్ళీ వెలగలేదు. రెండోదానికి వెయ్యి ఓమ్‌ల రెసిస్టరు వేశాను. పట్టాల మీద 12 వోల్టులు, ఎల్‌ఈడీకి కావలసినవి సుమారు 3, మిగిలిన 9 వోల్టులూ రెసిస్టరు మీద పడితే కరెంటు 9 మిల్లీ ఆంపియర్లకు మించదు. రైలు ముందుకు వెళ్తుంటే చక్కగా వెలిగింది. వెనక్కి తిప్పగానే పోయింది.

"మావయ్యా, ఇదీ మాడిపోయింది" అన్నాడు వాడు ఏడుపు మొహంతో.

"మాడలేదురా, కొండెక్కింది" అన్నాను. మా మామ్మ మాట, ఎన్నేళ్ళకో నోట్లోంచి వచ్చేసింది. వాడికేమో కొండెక్కేది అరకు రైలొక్కటే! నిజానికి రైలు దిశ మార్చినప్పుడు పట్టాల్లో ప్లస్సూ మైనస్సూ తారుమారవుతాయి, ఎల్‌ఈడీ ఒకవైపు కరెంటునే పోనిస్తుంది, మళ్ళీ ముందుకు తిప్పితే మళ్ళీ వెలుగుతుంది.

నాకు తోచింది ఇది. కొండెక్కితే వెలుగే పోయింది, ప్రమిద అలాగే ఉంది, నూనె పోసి వత్తి ఎగదోస్తే మళ్ళీ వెలుగుతుంది. మాడిపోతే వస్తువే పోయింది. ఇంత తేడా చూపించే మాటలుండగా రెండింటికీ "లైటు పోయింది" అనేసి ఊరుకుంటున్నాం. మీరేమంటారు?

మర్రిపాలెం నుంచి ఒకరు:
లోకో షెడ్డులో చేసి రిటైరైనవాణ్ణండి. బల్బు ఎగిరిపోయింది, మాడిపోయింది అనేవాళ్ళమే గానీ కొండెక్కింది అని ఏనాడూ అనలేదు. అది దేవుడి దగ్గర దీపానికి చెప్పే మాట, ఆరిపోయిందంటే అశుభమని. అన్నిటికీ వాడేస్తే దాని మర్యాద పోదూ?

గాజువాక నుంచి ఒకరు:
బాబాయ్ గారూ, దసరాకి ఇంజనుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టే చోట పనిచేసి మీరే ఈ మాటంటే ఎలాగండీ! బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, మంగళసూత్రం తెగితే పెరిగిందంటాం. మనకు కావలసిన వస్తువు గురించి చెడు మాట నోట రాకూడదనే కదా. ఆ పిల్లాడికి ఆ ఇంజను కంటే కావలసినదేముంది?

మర్రిపాలెం నుంచే:
అదీ నిజమేనమ్మా. ఒప్పుకున్నాను.

మధురవాడ నుంచి ఒకరు:
మాట సంగతి సరే, ముందు ఎల్‌ఈడీ సంగతి చూడండి. మామూలు ఎల్‌ఈడీ తిరగేసిన కరెంటును 5 వోల్టుల దాకే తట్టుకుంటుంది. మీరు వెనక్కి తిప్పినప్పుడల్లా దాని మీద 12 పడుతున్నాయి. ఇవాళ కొండెక్కినది రేపు నిజంగానే మాడుతుంది. 1ఎన్4148 డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) ఒకటి ఎల్‌ఈడీ పక్కనే దానికి ఎదురు దిశలో కట్టండి, రెసిస్టరు మాత్రం అలాగే ఉంచండి. అప్పుడు వెనక్కి వచ్చే కరెంటు డయోడులోంచి పోతుంది, ఎల్‌ఈడీ మీద 0.7 వోల్టు దాటదు.

మళ్ళీ నేను:
చాలా థాంక్సండీ, నిన్న రాత్రే కట్టేశాను. ఇంకో సంగతి గమనించాం. రైలు స్టేషన్‌లోకి వస్తూ నెమ్మదించినప్పుడు వోల్టేజీ తగ్గి, లైటు కూడా నూనె అయిపోతున్న దీపంలాగే సన్నబడి సన్నబడి పోతోంది. మావాడు కంట్రోలర్ నాబ్ నా చేతికిచ్చి "మావయ్యా, కొండెక్కింది, నూనె పొయ్యి" అంటున్నాడు.