కంటికి కన్ను: ఎవరి కంటికి?

‘కంటికి కన్ను’ ఎక్కడి మాట అని నిన్న గ్రూపులో అడిగారు కదా. మనకు బైబిల్ ద్వారా వచ్చింది. కానీ ఇదే శిక్ష అంతకంటే ముందే బాబిలోను రాజు హమ్మురాబి (క్రీ.పూ. 1792–1750) తన చట్టాలు చెక్కించిన నల్లరాతి మీద ఉంది. ఇరాన్‌లోని సూసా తవ్వకాల్లో బయటపడిన ఆ రాయి ఇప్పుడు పారిస్‌లో, లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

మనం వాడే సామెతలో ఎవరి కన్నో ఉండదు. రాతి మీద ఉంది. 196వ సూత్రం ప్రకారం పోయింది ‘అవీలుం’ కన్ను అయితేనే కొట్టినవాడి కన్ను తీస్తారు. ‘ముష్కేనుం’ కన్ను అయితే ఒక మినా వెండి, అంటే సుమారు అర కిలో, ఇస్తే సరిపోతుంది. బానిస కన్నుకైతే అతని ఖరీదులో సగం.

ఆ రాతి మీది భాష అక్కాదీ. అందులో అవీలుం అంటే మామూలుగా ‘మనిషి’ అనే అర్థం. ఈ సూత్రాల్లో మాత్రం పరువూ హోదా ఉన్నవాడు, మన ‘పెద్దమనిషి’ లాగా. ముష్కేనుం అతనికంటే ఒక మెట్టు కింద. వంగి దండం పెట్టడం అనే ధాతువు నుంచి పుట్టిన పేరు. ఆ మాట అరామిక్ మీదుగా అరబీలోకి వెళ్లి ‘మిస్కీన్’ అయింది, అక్కడి నుంచి ఉర్దూలోకి వచ్చింది. హైదరాబాదులో ఉర్దూ వినేవాళ్లకు తెలిసిన మాటే: పాపం, ఏమీ లేనివాడు. బలవంతుడు బలహీనుణ్ణి బాధపెట్టకుండా ఈ చట్టం రాయించానని అదే రాతి మీద రాజు చెప్పుకున్నాడు. అది చదివాక వెండి లెక్క చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

*కామెంట్: అసలు వాక్యం ఎలా ఉంటుందో తెలుగు లిపిలో రాయగలరా అండీ?*

తప్పకుండానండీ. “షుమ్మ అవీలుం ఈన్ మార్ అవీలిం ఉహ్తప్పిద్, ఈన్‌షు ఉహప్పదూ.” షుమ్మ అంటే ‘ఒకవేళ’, ఈన్ అంటే కన్ను (అరబీలో అయిన్), మార్ అంటే కొడుకు; ‘మార్ అవీలిం’ అంటే ఇక్కడ అవీలుం వర్గానికి చెందినవాడు అని. “ఒకవేళ అవీలుం ఇంకో అవీలుం కన్ను పోగొడితే, వాడి కన్ను పోగొడతారు.” అరబీకి చుట్టమైన భాషే అయినా క్రియ మనలాగే చివరికి వచ్చింది చూడండి! అదే క్రియ రెండుసార్లు: చేసిన పనికీ, పడిన శిక్షకూ. ముష్కేనుం కన్ను గురించిన 198వ సూత్రానికి వచ్చేసరికి చివరి క్రియ మారిపోతుంది: ‘ఇషక్కల్’, తూచి ఇస్తాడు. అప్పటికి నాణేలు లేవు, వెండిని తూకం వేసే ఇచ్చేవారు. ఇజ్రాయెల్ డబ్బు పేరైన ‘షెకెల్’ అనే మాటదీ ఆ ధాతువే.