తమిళ సినిమాలు ఇప్పుడిప్పుడే చూస్తున్నా, చివర్లో ఎవరో ఒకరు పోవాల్సిందేనా?

సెకండ్‌షో సుబ్బడు:
అందరికీ నమస్తే. నేనేం పెద్ద సినిమా పిచ్చోణ్ణి కాదు, చిన్నప్పట్నుంచి తమిళ సినిమా అంటే టీవీలో వచ్చే బాషా, నరసింహ, అపరిచితుడు అంతే, అవి కూడా తెలుగు సినిమాలే అనుకుని చూసేవాణ్ణి. ఈమధ్య ఓటీటీలో తమిళ ఆడియో పెట్టుకుని కింద సబ్‌టైటిల్స్ చదువుకుంటూ వరసపెట్టి చూస్తున్నా, విసారణై, సుబ్రమణ్యపురం, పరియేరుమ్ పెరుమాళ్, వడచెన్నై, జై భీమ్, మొన్న ఆదివారం అసురన్.

బాగున్నాయా అంటే బాగున్నాయి. ఇల్లు నిజంగా ఇల్లులాగే ఉంటుంది, హీరో లుంగీ నాలుగు రోజుల్నించి ఉతకనట్టు ఉంటుంది, వెనకాల నిలబడ్డ ముసలాయన కూడా ఆ ఊరాయనే అనిపిస్తాడు. హీరో దెబ్బలు తింటాడు, తిని ఊరుకుంటాడు కూడా, మన దగ్గర ఇంటర్వెల్ లోపు లెక్క సరిచేయకపోతే థియేటర్లో కుర్చీలు మిగలవు కదా. కానీ బాబోయ్ ఆ ఏడుపేంటి. పరియేరుమ్ పెరుమాళ్‌లో ఆ పెళ్ళి మండపం సీన్ అయ్యాక ఆపేసి కాసేపు బయట తిరిగొచ్చా. సుబ్రమణ్యపురంలో అయితే నమ్మిన స్నేహితుడే... సర్లే చూడనోళ్ళు ఉంటారు, చెప్పను. మా ఆవిడ అయితే నేను టీవీ ముందు కూర్చోగానే ఇవాళ ఎవర్ని చంపుతున్నారు అని అడుగుతోంది.

ఇంతకీ నా డౌట్ ఏంటంటే తమిళ సినిమా అంతా ఇంతేనా లేక నాకే ఏరి ఏరి ఇవే తగులుతున్నాయా? కత్తులు లేనివి ఉంటే చెప్పండి, ఇంట్లో అందరం కలిసి చూసేలా. అలాగే డబ్బింగ్ ఉంటే డబ్బింగే చూడొచ్చా?

కోయంబేడు తెలుగోడు:
బ్రో నువ్వు చూసిందంతా ఫస్ట్ డికాక్షన్, దాంతో మొత్తం కాఫీని అంచనా వేస్తే ఎలా. నేను ఉద్యోగం కోసం చెన్నై వచ్చి చాలా ఏళ్ళయింది, ఇక్కడ ఏ శుక్రవారమైనా థియేటర్‌కి రా, అవే కటౌట్లు అవే పాలాభిషేకాలు, హీరో కాలు కింద పెడితే దుమ్ము లేవడం, అచ్చం మనలాగే. 2023 సంక్రాంతి రిలీజ్‌ల టైంలో ఒక అభిమాని చనిపోయాక ఇక్కడ తెల్లవారుజాము షోలకి పర్మిషన్ ఆపేశారు, పెద్ద హీరో సినిమా వస్తే పొద్దున 9 గంటల దాకా ఆగాల్సిందే, అప్పటికే బెంగళూరులో కేరళలో చూసేసినోళ్ళు రివ్యూలు పెట్టేస్తారు, ఇక్కడి కుర్రాళ్ళ ఏడుపు చూడాలి అప్పుడు. ఆ సినిమాల్లో సగం బయట రాష్ట్రాల్లో ఎవరికీ గుర్తుండవు, నీ దాకా వచ్చేది నాలుగు ఊళ్ళు మెచ్చుకున్నవే.

కత్తుల సంగతంటావా, 2007లో పరుత్తివీరన్, 2008లో సుబ్రమణ్యపురం ఆడాక మదురై అంటే చాలు అరివాళ్ళు (అదే, పొడుగాటి వేటకొడవళ్ళు), పగాప్రతీకారాలు, గడ్డాలు, తమిళోళ్ళకే విసుగొచ్చింది. మా ఆఫీసులో మదురై అతను ఉన్నాడు, మా ఊళ్ళో జిగర్‌తండా (చల్లటి పాల డ్రింకు) కూడా ఉంది సార్ అంటాడు పాపం. ఇంకో తమాషా, వీళ్ళు నన్ను మీ తెలుగులో అన్నీ బాహుబలి లాగే తీస్తారా అని అడుగుతారు.

బార్డర్ బాలిగాడు:
ఏందన్నా డబ్బింగ్ చూడొచ్చా అంటా ఉండావు, అదే విసారణైని తెలుగు డబ్బింగులో చూస్తే ఇంకేం మిగల్తాదో చెప్పు. ఆ పిల్లోళ్ళు తమిళనాడు నించి గుంటూరికి కూలికొస్తే పోలీసోళ్ళు తెలుగులో తిడతా కొడతా ఉంటారు, వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు, కోర్టులో కూడా తమిళ ఇన్‌స్పెక్టర్ ఒకాయన వచ్చి చెప్తేగాని జడ్జికి సంగతి తెలీదు. ఆ తెలుగు పోలీసు అజయ్ ఘోష్ మనోడే, నాకైతే ఆయన్ని చూస్తే ఇప్పుడుగూడా భయమే. 

మాది నగరి పక్కన, మాకు ఈ గొడవ లేదు, రెండు భాషలూ కలిపే మాట్లాడతాం, తిరుత్తణి గూడా 1960 దాకా మా చిత్తూరు జిల్లానే. నా మాటైతే రజనీ సినిమాలకి డబ్బింగ్ పెట్టుకో, మనోగారి గొంతు లేకుండా నాకు రజనీ రజనీలాగే అనిపించడు. పల్లెటూరి సినిమాలకి మాత్రం తమిళమే.

హన్మకొండ పోరడు:
అన్నా, ఏడుపు ఏడుపు అంటున్నవ్ గానీ నాకైతే ఆ సినిమాలల్ల నచ్చిందే అది. అసురన్‌ల గుడిసెలు తగలబెట్టే సీన్ ఉంది కదా, అది సూస్తుంటే నాకు కీళ్‌వెణ్మణి యాదికొచ్చింది. 1968 డిసెంబర్ 25 రాత్రి అప్పటి తంజావూరు జిల్లాల కూలి పెంచమని అడిగినందుకు 44 మంది దళితులను గుడిసెల పెట్టి కాల్చిన్రు, ఎక్కువ ఆడోళ్ళు పిల్లలే. మన దిక్కు జరగలేదా? 1985ల కారంచేడు, 1991ల చుండూరు. వాటి మీద పెద్ద హీరో చేసిన సినిమా ఒక్కటి సూపియ్ నాకు. ఆడ ధనుష్ అసొంటోడు చేసిండు. వెంకటేష్ నారప్ప చేసిండు, మంచిగనే చేసిండు, గానీ కథ ఆడికెళ్ళే తెచ్చుకున్నం. 2020ల పలాస 1978 అని మనోళ్ళే తీసిన్రు, ఎంతమంది సూసిన్రు?

కోయంబేడు తెలుగోడు:
తమ్ముడూ, కారంచేడు మాట ఒప్పుకుంటా, కానీ వాళ్ళు గొప్ప మనం తక్కువ అనే పాట మాత్రం వద్దు. ఆ సినిమాలు తీసిన వెట్రిమారన్, మారి సెల్వరాజ్, పా రంజిత్‌లని ఇక్కడ తిట్టేవాళ్ళూ తక్కువ లేరు, ఎప్పుడూ కులం గొడవేనా అని నా ముందే అంటారు.

పప్పుచారు పద్మ:
మగాళ్ళంతా కత్తులు, కులాలు, పోలీసుల దగ్గరే ఆగిపోయారు కాబట్టి నేనొకటి అడుగుతా, వీటిల్లో అమ్మాయిలకి పనేముందండీ? పరియేరుమ్ పెరుమాళ్‌లో ఆ అమ్మాయికి తన కోసం అంత జరుగుతున్నా చివరిదాకా ఏమీ తెలీదు, డైరెక్టర్ కావాలనే అలా పెట్టాడంటారు, అయినా నాకు ఒళ్ళు మండింది. కానీ ఒక్క మాట, మన అమ్మాయిలకి నటించే పాత్రలు ఇచ్చింది మాత్రం వాళ్ళే. ఈ సినిమాలో ఆనందిది వరంగల్, సుబ్రమణ్యపురంలో మన కలర్స్ స్వాతి, 2010లో అంగాడి తెరులో చేసిన అంజలిది రాజోలు, వడచెన్నైలో ఐశ్వర్యా రాజేష్ మన కామెడీ శ్రీలక్ష్మిగారి మేనకోడలు. అంగాడి తెరు మాత్రం తప్పకుండా చూడండి సుబ్బడుగారూ, చెన్నై టీ నగర్ రంగనాథన్ వీధిలో బట్టల కొట్లో పనిచేసే పిల్లల కథ, చూశాక పెళ్ళి షాపింగ్‌కి వెళ్ళి సేల్స్ అమ్మాయితో వంద చీరలు విప్పించడానికి చెయ్యి రాదు. అదీ ఏడుపే అనుకోండి.

ఏడుపు లేనివి కావాలంటే కాకా ముట్టై, మురికివాడ పిల్లలిద్దరికి పిజ్జా తినాలని కోరిక, అంతే కథ. 2025లో వచ్చిన టూరిస్ట్ ఫ్యామిలీ, శ్రీలంక నించి వచ్చిన కుటుంబం, మీ ఆవిడకి కచ్చితంగా నచ్చుతుంది. మెయ్యళగన్ అయితే తెలుగులో సత్యం సుందరం పేరుతోనే ఉంది, కార్తీ సొంత గొంతే, ఊరు కూడా మన గుంటూరు వైపుకి మార్చేశారు.

సెకండ్‌షో సుబ్బడు:
థాంక్సండీ అందరికీ. పద్మగారూ సత్యం సుందరం మా తమ్ముడు అరగంట చూసి పడుకున్నాడు, ఇద్దరు మగాళ్ళు కూర్చుని మాట్లాడుకోవడమే అంట కదా, దాదాపు మూడు గంటలు? కొట్లాట ఒక్కటి కూడా లేదా?

పప్పుచారు పద్మ:
మీకు కత్తులు వద్దన్నారు, ఇప్పుడు కొట్లాట లేదా అంటున్నారు. సాగదీశారని అక్కడా గొడవ చేస్తే తమిళంలో రిలీజయ్యాక 18 నిమిషాలు కోసేశారు లెండి. మీ తమ్ముణ్ణి పాత సైకిల్ గురించి చెప్పే ముక్క దాకా మేలుకోమనండి, అక్కడా నచ్చకపోతే జైలర్ పెట్టుకోమనండి.