ఎన్‌ఛాంటెడ్ ఏప్రిల్: లాటీ మొగుణ్ణి ఎందుకు పిలిచింది? మా అమ్మ అడుగుతోంది

కృష్ణలంక అమ్మాయి:
అందరికీ నమస్తే. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, కొన్నాళ్ళు టీవీ తగ్గించమన్నారు, అందుకని రోజూ రాత్రి భోజనాలయ్యాక ఎలిజబెత్ వాన్ ఆర్నిమ్ రాసిన 'ది ఎన్‌ఛాంటెడ్ ఏప్రిల్' ఇంగ్లిష్‌లో చూస్తూ తెలుగులో చెప్తున్నా. 1922 నాటి నవల, నెట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది. లండన్‌లో వాన పడుతున్న ఫిబ్రవరి మధ్యాహ్నం లాటీ అనే ఆవిడ పేపర్లో ఒక ప్రకటన చూస్తుంది, ఇటలీలో సముద్రం ఒడ్డున చిన్న పాత కోట, ఏప్రిల్ నెలకి అద్దెకిస్తాం, పనివాళ్ళు ఉంటారు అని. అద్దె 60 పౌన్లు. ముక్కూమొహం తెలియని నలుగురు ఆడవాళ్ళు తలా 15 వేసుకుని వెళ్తారు. లాటీ దగ్గరున్నవి బట్టల ఖర్చుకిచ్చిన దాంట్లో మిగుల్చుకున్న డబ్బులు, అది చెప్పగానే అమ్మ "పోపుల డబ్బాలో డబ్బులన్నమాట" అంది, అక్కడ్నించి కథ మొత్తం మా వీధిలో జరుగుతున్నట్టే వింటోంది.

ఇప్పుడు రెండు చోట్ల ఆగిపోయాం. ఒకటి, అంత కష్టపడి పారిపోయి వచ్చిన లాటీ వారం తిరక్కుండానే ఆ పిసినారి మొగుడు మెలర్ష్‌కి ఉత్తరం రాసి రమ్మంటుంది. అమ్మకి కోపం వచ్చేసింది, "ఒక్క నెల ఉండలేకపోయిందా" అని. నాకూ జవాబు దొరకలేదు. రెండోది, పుస్తకం నిండా ఎండ, ఎండలో కూర్చున్నారు, ఎండకి కరిగిపోయారు అని ఉంటుంది. బెజవాడలో ఏప్రిల్ ఎండంటే పదింటికే తలుపులేసుకుంటాం కదా, ఆ సంతోషం అమ్మకి ఎలా చెప్పాలో తెలియట్లేదు. చదివినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత పుస్తకాల వీధి:
లాటీ మనసులోని భారమంతా మొదటి అధ్యాయాల్లోనే ఉందండి, ఒకసారి వెనక్కెళ్ళి చూడండి. లాటీ అబద్ధం చెప్పి వచ్చింది, స్నేహితురాలు పిలిచిందని. పైగా అదే టైములో మెలర్ష్ తనే ఈస్టర్‌కి ఇటలీ తీసుకెళ్దామని అనుకుంటాడు, అది విన్నాక కూడా వదిలేసి వచ్చింది. ఆ ముల్లు లోపల ఉంది. కానీ పిలిచింది తప్పు చేశాననే బాధతో కాదని నా గట్టి నమ్మకం. మొదటి రోజు పొద్దున కిటికీ తలుపులు తీసే సీను గుర్తుందా, ముందు రాత్రి వానలో చీకట్లో దిగారు, ఏమీ కనపడలేదు, పొద్దున తెరవగానే కింద సముద్రం మెరుస్తూ ఉంటుంది, ఆవిడకి మనసు పొంగిపోతుంది. ఆ పొంగులో ఆయన మీద భయం పోయింది. భయం పోయాక పిలిచింది. లండన్‌లో ఉన్న లాటీ అయితే ఆయన గుమ్మంలోకి వస్తుంటేనే ముడుచుకుపోయేది. మెలర్ష్ ఎందుకొస్తాడంటే అది వేరే సంగతి, ఆయన లాయరు, అక్కడ మిగతా ఆడవాళ్ళలో లేడీ కరోలిన్ ఉందని, మిసెస్ ఫిషర్ ఉందని తెలిసి, క్లయింట్లు దొరుకుతారని వస్తాడు. రచయిత్రి ఇదేం దాచిపెట్టలేదు.

జెనోవాలో మనోడు:
నేను ఇటలీలో, జెనోవాలో ఉద్యోగం చేస్తున్నా. రచయిత్రి ఈ నవలకి ఆధారం చేసుకున్నది పోర్తోఫినోలో ఉన్న కాస్తెల్లో బ్రౌన్, అక్కడే బస చేసింది కూడా. 1991లో సినిమా తీసింది కూడా ఆ కోటలోనే. సాంతా మార్గెరీతా వరకు ట్రైన్, అక్కడ్నించి సముద్రం పక్కనే ఐదు కిలోమీటర్ల దాకా నడిచి వెళ్ళొచ్చు, తర్వాత కొండెక్కాలి.

ఆ కిటికీ సంగతి చెప్తా, అమ్మగారికి ఉపయోగపడుతుంది. ఇక్కడి ఇళ్ళకి ఆకుపచ్చ చెక్క తలుపులుంటాయి, అడ్డంగా సన్న పలకలు, కింది భాగం ఒక్కటే బయటకి ఎత్తి పెట్టుకోవచ్చు. పొద్దున్నే ఆ పలకల సందుల్లోంచి నేల మీద గీతలు గీతలుగా వెలుతురు పడుతుంది, అది చూస్తే బయట రోజు ఎలా ఉందో ముందే తెలిసిపోతుంది. లాటీ కూడా అంతే, తెరిచేముందు కాసేపు ఆగుతుంది. ఇక ప్రకటనలో ఉండే విస్టీరియా, ఇక్కడ గ్లీచినె అంటారు, మన రాధామనోహరం పాకినట్టే గోడల మీద పాకుతుంది, పూలు మాత్రం లేత ఊదా రంగులో గుత్తులు గుత్తులుగా కిందకి వేలాడతాయి. ఏప్రిల్లో పూస్తుంది. ఏప్రిల్ ఇక్కడ ఇంకా స్వెట్టర్ల నెల అండి, నీడలోకి వెళ్తే వణుకు, నాలుగడుగులు ఎండలోకి వస్తే హాయి. నవంబర్ నుంచి వానలూ చలీ పడ్డాక ఆ హాయి ఎంతో నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

కరీంనగర్ వెన్నెల:
(చివరి సంగతి చెప్తున్న, చదవనోళ్ళు దీన్ని దాటెయ్యుండ్రి.)
నాకు మెలర్ష్‌తోని ఇబ్బంది లేదు, ఆ నలుగుర్ల ఒకామె రోజ్, ఆమె మొగుడు ఫ్రెడరిక్ తోనే ఉన్నది. రోజ్ పాపం పుట్టిన బిడ్డ పోయిన బాధల ఉంటది, మొగుడు రాజుల ఉంపుడుగత్తెల మీద పుస్తకాలు రాసి సంపాదిస్తే ఆ పైసలు పాపమని బీదోళ్ళకు పెడ్తది. ఆఖరికి మనసు కరిగి రమ్మని ఉత్తరం రాస్తది, ఆయన వస్తడు, ఆమె సంబురంతోని ఎదురుపోతది. కానీ ఆయనకు ఆ ఉత్తరం అందనే లేదు, వచ్చింది కరోలిన్ కోసం! కరోలిన్‌కు అర్థమైతది, నోరు మెదపది. ఇన్నేండ్లయినా నేను ఆ పేజీ దగ్గర ఆగిపోత. అందరు దీన్ని వెలుగుల నవల అంటరు గని ఆ వెలుగు కింద రోజ్‌కు ఎన్నటికీ తెల్వని నీడ ఒకటి ఉన్నది. అమ్మకు ఆ భాగం మెల్లగ చెప్పు చెల్లె.

తెనాలి టీచరు:
ఎండ విషయంలో ఒక్క మాటమ్మా. ఆ పుస్తకంలో ఉన్నది ఎండ కాదు, నీరెండ. ఆ మాట వాడి చూడు. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే అరుగు మీద ఎండపొడ పడ్డ చోటే వెతుక్కుని కూర్చుంటామే, పసిపిల్లలకి నూనె రాసి కాసేపు పడుకోబెడతామే, అది. అమ్మగారికి ఇటలీ చెప్పక్కర్లేదు, పుష్యమాసం చెప్తే చాలు.

కృష్ణలంక అమ్మాయి:
అందరికీ థాంక్యూ అండి. టీచరు గారూ, రాత్రి నీరెండ అని చెప్పగానే అమ్మ మా తమ్ముడికి అమ్మమ్మ పెరట్లో చేటలో పడుకోబెట్టి నూనె రాయడం గురించి పావుగంట చెప్పింది, పుస్తకం పక్కన పెట్టి విన్నా. వెన్నెలక్కా, ఫ్రెడరిక్ ఇంకా రాలేదు, వచ్చినప్పుడు మీరన్నట్టే చెప్తా.

భయం పోయాక పిలిచిందన్న మాట కూడా చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అక్కడ వంటెవరు చేస్తున్నారు?" అనడిగింది. కోస్తాంజా అని వంటమనిషి ఉందమ్మా, ప్రకటనలోనే చెప్పారుగా పనివాళ్ళు ఉంటారని అన్నా. "అట్లా అయితే పిలవచ్చులే" అంది. రేపు మెలర్ష్ స్టేషన్లో దిగుతాడు.