రెండు వేలలోపు ఇయర్‌ఫోన్లు: తంబురా సరిగ్గా వినిపించాలి, చెవి నొప్పి పెట్టకూడదు

ఐదున్నర శ్రుతి (తిరుపతి):

నమస్కారం. ఇంటి దగ్గర పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతాను. చిత్తూరులో కూడా కొన్ని క్లాసులు ఉండడంతో నా సమయం చాలావరకు బస్సులోనే గడిచిపోతుంది. ఆ ప్రయాణంలో వినడానికి రెండు వేల రూపాయల లోపు, వైరు ఉన్నవి, చెవి లోపలికి దూరే రకం ఇయర్‌ఫోన్లు కొనాలనుకుంటున్నాను. ఏవి కొనాలో తర్వాత అడుగుతాను. అసలు మంచివో కావో ఎలా తేల్చుకోవాలో ముందు ఎవరైనా చెప్పండి.

వీడియోల్లో చెప్పేవాళ్ల మాటలు నాకు పనికి రావడం లేదు. ఏది చేతికిచ్చినా బేస్ అదిరింది అంటారు. నేను వినేది గాత్రం, వయొలిన్, మృదంగం, వెనక తంబురా. తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) వస్తే తప్ప అందులో అదిరేదేమీ ఉండదు. పాత రికార్డింగులు, నాదనీరాజనం వేదిక ప్రసారాలు, నా శిష్యులు పంపే పాఠాలు, ఇవే నా ఫోనులో ఉన్నవి. ఊళ్లో ఒక దుకాణంలో పెట్టి చూస్తానంటే, పెట్టె తెరిచాక తీసుకోక తప్పదన్నారు. చీర కూడా భుజం మీద వేసి చూపిస్తారు కదయ్యా అంటే నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు నా దగ్గర ఉన్నవి పెట్టుకుంటే చంద్రగిరి దాటేలోపే ఎడమ చెవి నొప్పి మొదలవుతుంది. కుడి చెవికి ఏ బాధా లేదు. గాత్రం ఎక్కడో పక్క గదిలో ఉన్నట్టు వినిపిస్తుంది కానీ 'శ్రీ' అన్న అక్షరం వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటుంది. తంబురా గురించి చెప్పకపోవడమే మేలు. ఇది ఇయర్‌ఫోన్ల లోపమా, నా చెవి లోపమా? ఇంకో సంగతి, నా కొత్త ఫోనుకు గుండ్రటి జాక్ రంధ్రం లేదు.

పూతలపట్టు బస్సు:

నేనూ అదే దారిలో రోజూ తిరిగేవాణ్ణి మేడమ్. నా సలహా మీకు నచ్చకపోవచ్చు. బస్సు కోసమే అయితే బేస్ ఎక్కువ ఉన్నదే కొనండి. ఇంజను మోత, చక్రాల మోత అన్నీ కింది స్థాయి శబ్దాలే. అవి పాటలోని మంద్రాన్ని మింగేస్తాయి. ఇంట్లో నిండుగా వినిపించిన మృదంగం బస్సులో గోరుతో బల్ల మీద కొట్టినట్టు ఉంటుంది. ఇంట్లో కాస్త అతిగా అనిపించే బేస్, రోడ్డెక్కాక సరిపోతుంది. కిటికీ పక్క సీటు మానేయండి, సగం బాధ తగ్గుతుంది.

వినికిడి గది:

చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. పాటల గురించి నాకు పెద్దగా తెలియదు కాబట్టి చెవి గురించే చెబుతాను.

అక్కా, మీ ఫిర్యాదులు మూడింటికీ ఒకే మూలం ఉండే అవకాశం ఎక్కువ. రబ్బరు తొడుగు మీ చెవికి సరిపోలేదు. చెవి నాళం తిన్నగా ఉండదు, కాస్త మెలిక తిరిగి ఉంటుంది. పెద్దవాళ్లలో పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒకే మనిషికి కుడి నాళం, ఎడమ నాళం వేర్వేరు కొలతల్లో ఉండడం నేను రోజూ చూసేదే. పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద అని మూడు జతలు ఇస్తారు. చాలామంది అమర్చి ఉన్న మధ్య రకంతోనే కాలం గడిపేస్తారు. మిగతావి పెట్టెతో పాటు అటక మీదికి పోతాయి. రెండు చెవులకూ ఒకే కొలత పెట్టుకోవాలన్న నియమం ఏదీ లేదు. మీ ఎడమ చెవికి చిన్నది పెట్టి చూడండి.

పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. ఎడమ ఇయర్‌ఫోన్ పెట్టేటప్పుడు కుడి చేతిని తల వెనక నుంచి తెచ్చి ఎడమ చెవి డొప్పను పైకి, వెనక్కి మెల్లగా లాగండి. నాళం కొంత తిన్నగా అవుతుంది. అప్పుడు లోపలికి పెట్టి డొప్పను వదిలేయండి. పరీక్షల్లో మేము స్పాంజి తొడుగు పెట్టేటప్పుడు చేసేది ఇదే. స్పాంజిని వేళ్ల మధ్య సన్నగా నులిమి, లోపల పెట్టి, అది ఉబ్బే దాకా పట్టుకుంటాం. ఇయర్‌ఫోన్లకు కూడా స్పాంజి తొడుగులు విడిగా దొరుకుతాయి. రబ్బరు నొప్పి పెట్టేవాళ్లకు ఇవి హాయిగా ఉంటాయి. మన ఎండాకాలం చెమటకు తొందరగా పాడవుతాయన్నది వేరే సంగతి.

బిగింపు సరిగ్గా కుదిరిందా అన్నది బేస్ చెబుతుంది. ఎక్కడైనా సన్నటి సందు ఉంటే మొదట పోయేది మంద్రమే. పాట నడుస్తుండగా ఇయర్‌ఫోన్‌ను వేలితో కొద్దిగా లోపలికి నొక్కండి. మంద్రం ఒక్కసారిగా పెరిగితే అప్పటిదాకా గాలి కారుతున్నట్టే. పూతలపట్టు అన్నగారు చెప్పినట్టు బేస్ ఎక్కువ ఉన్నది కొనే ముందు, ఉన్న బేస్ బయటికి పోకుండా చూసుకోవడం మేలు. బిగింపు బాగుంటే బస్సు మోత కూడా లోపలికి తక్కువగా వస్తుంది.

నొప్పి ఎక్కడ వస్తుందో కూడా గమనించండి. నాళం లోపల ఒత్తిడిగా ఉంటే తొడుగు పెద్దదని అర్థం. బయట డొప్ప గుంటలో నొప్పి వస్తే ఇయర్‌ఫోన్ ఒంటి ఆకారమే మీకు పడలేదు, ఏ తొడుగు మార్చినా పోదు. దుకాణంలో రెండు నిమిషాలు పెట్టి చూస్తే ఈ రెండో నొప్పి తెలియదు. అరగంట పైన పెట్టుకుంటేనే బయటపడుతుంది.

ఒక మాట నా ఉద్యోగ ధర్మంగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్‌ల స్థాయిలో. శబ్దం 3 డెసిబెల్‌లు పెరిగితే వినదగ్గ సమయం సగానికి పడిపోతుంది. బస్సు మోతను మించేలా వాల్యూమ్ పెంచేవాళ్లు ఈ హద్దును తెలియకుండానే దాటుతారు.

ఎడమ మూత:

అమ్మా, మృదంగం వాయిస్తాను. చెవిలో పెట్టుకునే వస్తువులంటే కొంచెం పిచ్చి కూడా ఉంది. మీ పేరు చూసి ఆగాను.

మీ శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్థాయి, ఐదున్నర అయితే మీ మధ్య షడ్జమం (స) సుమారు 208 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని కంపనాలు. మీ తంబురా మంద్ర తీగ 104. సమీక్షల్లో పొగిడే బేస్ 30, 40 హెర్ట్జ్ దగ్గరిది. మీరు వినే సంగీతం అంత కిందికి దిగదు. మా మృదంగం ఎడమ మూత, అంటే ఎడమ వైపు తోలు ముఖం, రవ్వ ముద్ద అంటించాక, మీ మంద్ర తీగ కంటే దిగువకు వెళ్తుంది, అది కూడా కొద్దిగానే. అందుకని ఆ పొగడ్తలకు మీరు డబ్బు కట్టనక్కర లేదు. పైగా ఆ బేస్ కిందనే ఉండిపోకుండా 200 హెర్ట్జ్ దాకా పాకిందంటే గాత్రం గొంతు మీదే కూర్చుంటుంది. పక్క గదిలో పాడుతున్నట్టుంది అన్నారు చూడండి, దానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

పరీక్షకు తంబురాను మించింది లేదు. జీవాళి (తీగ కింద దారం పెట్టి తెచ్చే జుమ్మనే నాదం) బాగా కుదిరిన తంబురా రికార్డింగు ఒకటి పెట్టుకోండి, గాత్రం లేకుండా. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె వద్దు, అసలు తంబురా కావాలి. మంద్ర తీగ మీటగానే దానిలోంచి అంతర గాంధారం (గ స్వరం) తనంతట తానే పైకి రావాలి. మీకు నేను చెప్పాలా, స్వయంభూ గాంధారం. లెక్క ప్రకారం అది మంద్ర తీగకు అయిదు రెట్లు, మీ శ్రుతిలో 520 హెర్ట్జ్ దగ్గర. మంచి ఇయర్‌ఫోన్‌లో మీరు వెతక్కుండానే అది వినిపిస్తుంది. చెడ్డదానిలో కింద గుమ్ముమనే మోత, పైన జుమ్మనే రొద, మధ్యలో ఖాళీ. నేను ఏది చేతికొచ్చినా మొదట చూసేది ఇదొక్కటే. ఇందులో తప్పినదాన్ని మిగతా పరీక్షలకు కూర్చోబెట్టను.

రెండోది అక్షరాలు. శ, ష, స లలో ఊదినట్టు వచ్చే శబ్దం 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఇయర్‌ఫోన్ అక్కడ ఎత్తి చూపిస్తే 'శ్రీ' గుచ్చుకుంటుంది, పాత రికార్డింగుల్లో ఉండే సన్నటి బుస్సుమనే రొద కూడా పాట మీదికి వస్తుంది. అయితే వెంటనే వస్తువు మీద నేరం మోపకండి. చెవిలో ఎంత లోతుకు పెట్టారన్న దాన్ని బట్టి ఆ ఎత్తు జరుగుతూ ఉంటుంది. వినికిడి గది గారు చెప్పిన పద్ధతిలో కొంచెం లోపలికి పెట్టి, అదే చరణం మళ్లీ వినండి.

మూడోది నా స్వార్థం. మృదంగంలో చాపు అనే దెబ్బ వినండి. కుడి మూత మీద చాపు పడినప్పుడు శ్రుతి స్పష్టంగా పలకాలి, ఎడమ మూత గుంకారం దాన్ని కప్పకూడదు. రెండు చేతులూ విడివిడిగా తెలియకపోతే ఆ ఇయర్‌ఫోన్ మృదంగాన్ని డోలు చేసేసినట్టే.

రెండింటిని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయండి. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మంచిదనిపిస్తుంది. దుకాణాల వాళ్లకు ఈ రహస్యం మన కంటే బాగా తెలుసు.

ఐదున్నర శ్రుతి:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎడమ చెవికి చిన్న తొడుగు, కుడి చెవికి మధ్యది పెట్టాను. నిన్నటి ప్రయాణంలో ఎడమ చెవి నొప్పి రాలేదు. 'శ్రీ' కొంత మెత్తబడింది. గాంధారం మాత్రం ఈ వస్తువులో లేదు. ఎంత వెతికినా లేదు. అది తెలిశాక ఇక దీన్ని భరించడం కష్టంగా ఉంది, ఆ పాపం ఎడమ మూత గారిదే.

ఇంకో రెండు అనుమానాలు. ఫోనులో తంబురా పెట్టుకుని సాధన చేద్దామంటే, ఇవి పెట్టుకోగానే నా గొంతు నాకే కుండలో తల పెట్టి పాడినట్టు వినిపిస్తోంది. ఖరీదైనవి కొంటే ఇది పోతుందా? తిరుమల బస్సులో ఘాట్ ఎక్కుతుంటే చెవులు దిబ్బడ వేయడం, మెట్ల దారిలో నడిస్తే అడుగడుగుకూ తలలో దబ్ దబ్ మనడం కూడా ఇలాంటిదేనా?

వినికిడి గది:

ఖరీదుతో పోదు అక్కా. మీరు పాడినప్పుడు ఎముకల గుండా నాళంలోకి వచ్చే శబ్దం మామూలుగా బయటికి వెళ్లిపోతుంది. మూత పడితే లోపలే తిరుగుతుంది. అడుగుల చప్పుడు కూడా అంతే. బిగింపు ఎంత బాగుంటే ఇది అంత ఎక్కువ, ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. సాధనకు ఒక చెవిదే పెట్టుకోండి. లేదా నాళంలోకి దూరకుండా డొప్పలో కూర్చునే పాత రకం తీసుకోండి, ఇంట్లో నిశ్శబ్దంలో అవి చాలు. అలిపిరి మెట్లు 3,550. అన్ని అడుగులూ తలలో మోగనివ్వడం ఎందుకు, తీసి సంచిలో వేసుకోండి.

ఘాట్ సంగతి వేరు. తిరుపతికీ కొండకూ దాదాపు 700 మీటర్ల ఎత్తు తేడా ఉంది. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, చెవి లోపలిది వెంటనే తగ్గదు. ఇయర్‌ఫోన్ లేకపోయినా దిబ్బడ వేస్తుంది. గట్టిగా మూసేవి పెట్టుకుంటే కొందరికి ఇంకాస్త ఇబ్బంది. మలుపుల దగ్గర ఒకసారి తీసి, గుటక వేసి, మళ్లీ పెట్టుకోండి.

పూతలపట్టు బస్సు:

బేస్ మాట వెనక్కి తీసుకోను కానీ ఆ వేలితో నొక్కే పరీక్ష నేనూ చేశాను. నాదీ కారుతోంది. వైరు చొక్కాకు రాసుకుంటే గరగరమని వినిపిస్తోంది, దానికి ఏమైనా ఉందా?

ఎడమ మూత:

ఉంది. వైరును చెవి మీదుగా వెనక్కి తిప్పి వేసుకోండి, లేదా మెడ దగ్గర చిన్న క్లిప్పు పెట్టండి. చెవి మీదుగా వేసుకునేలా చేసినవే కొంటే ఇంకా మంచిది.

అమ్మా, పేర్లు అడుగుతానన్నారు కాబట్టి చెబుతాను. మీ బడ్జెట్‌లో మూన్‌డ్రాప్ చూ రెండో రకం, సెవెన్‌హెర్ట్జ్ జీరో వినండి. రెండూ చెవి మీదుగా వైరు వేసుకునేవే, రెండింటికీ వైరు ఊడదీసి మార్చుకోవచ్చు. చూ మొదటి రకానికి ఆ వీలు లేదు, పేరు చూసి పొరపడకండి. జీరో కొంచెం లావుగా ఉంటుంది, మీ ఎడమ చెవి డొప్పకు పడుతుందో లేదో చూసుకోవాలి. నా చెవిలో గాంధారం రెండింటిలోనూ పలికింది. రెండింటిలో నాది చూ, పాత గాత్రాలు అందులో దగ్గరగా అనిపిస్తాయి.

జాక్ లేని ఫోనుకు టైప్-సి నుంచి గుండ్రటి జాక్‌కు మార్చే చిన్న వైరు కావాలి. ఊరికే రంధ్రం మార్చేవి కొన్ని ఫోన్లలో పని చేయవు, లోపల డాక్ (ఫోనులోని డిజిటల్ సంకేతాన్ని ఇయర్‌ఫోన్‌కు పనికొచ్చేలా మార్చే చిప్పు) ఉందని పెట్టె మీద రాసి ఉన్నదే అడగండి. దాని ధర కూడా మీ రెండు వేలలోనే లెక్క వేసుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు షరతు ముందే చదవండి. చెవిలో పెట్టుకునే వస్తువులను తెరిచాక వెనక్కి తీసుకోనివాళ్లు ఉన్నారు. పెట్టె తెరుస్తున్నప్పుడే ఫోనుతో వీడియో తీసి పెట్టుకోండి. మొదటి రోజే కుడి ఎడమలు సమానంగా మోగుతున్నాయో చూడండి, గాత్రం తల మధ్యలో నిలవాలి. ఒక పక్కకు జరిగితే రెండింటినీ అటు ఇటు మార్చి పెట్టుకోండి. గాత్రం కూడా రెండో పక్కకు మారితే లోపం వస్తువుది. అదే పక్కన ఉండిపోతే వినికిడి గది గారి దగ్గరికి వెళ్లాలి, బహుశా గుబిలి తీయించుకుంటే చాలు.