రెండు ట్యూనర్ల బాక్సుకి రెండో డిష్ కొనాల్సిందేనా?

మిద్దెమీద_డిష్ (కడప):
మా చిన్నాయన కువైట్ నుంచి వస్తూ అక్కడ వాడిన ఎనిగ్మా2 (లైనక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే శాటిలైట్ రిసీవర్) బాక్సు తెచ్చి మాకిచ్చాడు. వెనక శాటిలైట్ సాకెట్లు రెండు, ట్యూనర్ ఎ, ట్యూనర్ బి. హార్డ్ డిస్క్ లోపలే ఉంది. మా మిద్దె మీద ఫ్రీ డిష్ కోసం ఎప్పుడో పెట్టిన రెండడుగుల డిష్ ఉంది కాబట్టి ఆ వైరు తెచ్చి ఎ లో బిగించి, బాక్సులో ఉన్న నైల్‌శాట్, బదర్ శాటిలైట్లు తీసేసి ఫ్రీ డిష్ శాటిలైట్ ఉండే 93.5 డిగ్రీలు పెట్టి స్కాన్ చేస్తే ఛానళ్ళు బాగానే వచ్చాయి.

గొడవంతా రికార్డింగ్ దగ్గర. అమ్మ కోసం సప్తగిరిలో ఒక ప్రోగ్రాం రికార్డ్ పెట్టి, ఈలోపు నాన్న ఛానల్ మారిస్తే కొన్ని వస్తాయి, కొన్నింటికి "ట్యూన్ ఫెయిల్డ్" అని పడుతుంది. ఒక్కోసారి నాన్న చూసే ఛానల్ బాగానే వస్తుంది, తర్వాత తెరిస్తే అమ్మ రికార్డింగ్ ఖాళీ. రెండు రోజులుగా ఇంట్లో నేనే దోషిని. ట్యూనర్ బి కి కూడా సిగ్నల్ ఇద్దామని ఎలక్ట్రికల్ షాపులో స్ప్లిటర్ తెచ్చి పెడితే రెండూ పోయాయి, నో సిగ్నల్. డిష్ బిగించే అతన్ని అడిగితే రెండు ట్యూనర్లంటే రెండు డిష్‌లు ఉండాల్సిందే అన్నాడు. నిజమేనా?

పాతకేబులోడు (కర్నూలు):
తమ్ముడూ, ఆ డబ్బు జేబులోనే ఉంచుకో. ముందు ఆ స్ప్లిటర్ మీద చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చూడు. 5-1000 మెగాహెర్ట్జ్ అని ఉంటే అది కేబుల్ టీవీ సరుకు. డిష్ నుంచి కిందికి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మధ్యలో ఉంటుంది. ఫ్రీ డిష్‌లో 11090 అనే ఫ్రీక్వెన్సీ ఉంది కదా, ఎల్‌ఎన్‌బి (డిష్ ముందు కడ్డీకి ఉండే డబ్బా) అందులోంచి 9750 తీసేసి మిగిలిన 1340 ని కిందికి పంపుతుంది. వెయ్యి వరకే దారి ఉన్న డబ్బాలో 1340 ఎట్లా దూరుతుంది? పైగా ఎల్‌ఎన్‌బికి కావాల్సిన కరెంటు కూడా బాక్సు నుంచి అదే వైరులో పైకి పోవాలి, కేబుల్ స్ప్లిటర్లు చాలావాటిలో అది పోదు.

ఇంక అసలు సంగతి. బాక్సు 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బి వర్టికల్ ఇస్తుంది, 18 పంపితే హారిజాంటల్. దానికి తోడు 22 కిలోహెర్ట్జ్ టోన్ పంపితే 11700 పైనుండే హై బ్యాండ్, పంపకపోతే లో బ్యాండ్. ఈ నాలుగింట్లో ఒక వైరులో ఒక్కసారికి ఒకటే దిగుతుంది. మనూళ్ళలో ఒకే పైపులో కాసేపు తాగే నీళ్ళు, కాసేపు బోరు నీళ్ళు వదులుతారే, అట్లా. రెండు ట్యూనర్లు వేరేవేరేవి అడిగాయంటే ఒకదానికి ఎండే.

కానీ ఫ్రీ డిష్ లిస్టు తెరిచి చూడు. అన్నీ వర్టికలే, అన్నీ 11700 కిందే. అంటే నీ రెండు ట్యూనర్లూ ఎప్పుడూ ఒకే రకం నీళ్ళే అడుగుతాయి. 5-2400 అని రాసున్న, పవర్ పాస్ అయ్యే శాటిలైట్ స్ప్లిటర్ ఒకటి పెట్టు, ఒకే డిష్, ఒకే వైరు, పని అయిపోతుంది. వైర్లు పీకేముందు బాక్సు స్విచ్ తీసెయ్. వైరులో కరెంటు ఉండగా జాలి పోగు మధ్య తీగకి తగిలితే షార్ట్ అవుతుంది.

మిద్దెమీద_డిష్:
అన్నా, చూశాను. 5-1000 అనే ఉంది!! షాపతను "అన్నింటికీ ఇదే పనిచేస్తుంది" అన్నాడు. ఇంకో డౌట్, ముందుముందు 66 డిగ్రీల శాటిలైట్‌కి ఒక సి బ్యాండ్ (వేరే ఫ్రీక్వెన్సీల) డిష్ కూడా పెట్టాలని ఉంది. అప్పుడు కూడా ఈ స్ప్లిటర్ సరిపోతుందా?

అనంత_సిగ్నల్ (అనంతపురం):
సరిపోదప్పా. అందుకే నన్నడిగితే స్ప్లిటర్ జోలికే పోవద్దు. రెండు అవుట్‌పుట్‌లున్న ట్విన్ ఎల్‌ఎన్‌బి కొని, పక్కన ఇంకో ఆర్‌జీ6 (డిష్ కేబుల్) వైరు కిందికి దించు. రెండు ట్యూనర్లకీ చెరో వైరు ఉంటే ఏది ఏది అడిగినా తగువుండదు. రేపు 66 పెట్టినప్పుడు దానికీ ట్విన్ ఎల్‌ఎన్‌బి వెయ్యి, ఒక్కో ట్యూనర్ వైరుకీ ఒక్కో డైసెక్ స్విచ్ (బాక్సు అడిగిన డిష్‌ని కలిపేది) పెట్టు. పైన నాలుగు వైర్లు, ఇంట్లోకి రెండే. సి బ్యాండ్‌కి ఎల్‌ఎన్‌బి నంబర్ 9750 బదులు 5150 అని మార్చడం మరిచిపోవద్దు.

వైర్ల తర్వాత సెట్టింగులు, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నీ బాక్సులో ట్యూనర్ బి "ఈక్వల్ టు ఎ" అని ఉండి ఉంటుంది. దాంతో బాక్సు బి కి సొంత వైరు ఉందనుకుని కొన్నిసార్లు రికార్డింగ్ బి కి అప్పజెబుతుంది, అక్కడ సాకెట్ ఖాళీ, అందుకే అమ్మ రికార్డింగ్ కూడా ఖాళీ. కొన్ని ఛానళ్ళు ఎందుకు వచ్చాయంటే అవి సప్తగిరి ఉన్న ట్రాన్స్‌పాండర్‌లోనే (ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి వచ్చే ఛానళ్ళ గుంపు) ఉన్నాయి, ఒక్క ట్యూనర్ చాలు. వైరు లేనంతకాలం బి ని "నథింగ్ కనెక్టెడ్" చేసెయ్. స్ప్లిటర్ పెడితే "లూప్‌త్రూ", రెండో వైరు వస్తే మళ్ళీ "ఈక్వల్ టు ఎ".

డిష్ మూతి ఒకసారి చూసుకో. కడప నుంచి 93.5 అంటే దాదాపు సరిగ్గా ఆగ్నేయం. వాస్తు ప్రకారం కట్టిన ఇల్లయితే వంటింటి మూలవైపు చూడాలి. ఎల్‌ఎన్‌బిని నిటారుగా బిగించి వదిలేస్తే కుదరదు, మన దగ్గర బాగా వాల్చాలి. క్వాలిటీ చూస్తూ కొంచెం కొంచెం తిప్పు, స్ట్రెంత్ బార్‌ని నమ్మొద్దు.

ఫ్రీగా_అన్నీ:
ఇంత కష్టం ఎందుకు బ్రో, ఎనిగ్మా2 కాబట్టి సర్వర్ లైన్ (ఇంటర్నెట్‌లో పే ఛానళ్ళ తాళం తీసే కనెక్షన్) కొనుక్కుంటే పే ఛానళ్ళన్నీ వచ్చేస్తాయి, మెసేజ్ చెయ్.

పాతకేబులోడు:
వద్దు తమ్ముడూ. అది దొంగ సరుకు, కేసవుతుంది, వాడు లైన్ ఆపేస్తే అడగడానికి దిక్కుండదు. పే ఛానల్ కావాలంటే కంపెనీ బాక్సు, కార్డు తీసుకోండి. ఫ్రీ డిష్‌కి 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ అని మొదలైనప్పటి నుంచి నెల కిరాయే లేదు, దీంట్లో దొంగతనం దేనికి?

అనంతూ, ట్విన్ మంచిదే, కాదనను. కానీ పిల్లవాడికి ఈ రాత్రికి రికార్డింగ్ కావాలి.

మిద్దెమీద_డిష్:
ఇద్దరి మాటా విన్నాను. నిన్న శాటిలైట్ స్ప్లిటర్ దొరకలేదు, ట్విన్ ఎల్‌ఎన్‌బి దొరికింది. సాయంత్రం ఎండ తగ్గాక మిద్దె ఎక్కి, పిట్టగోడ పక్కనుంచి రెండో వైరు దించాను. బి లో క్వాలిటీ 40 దాటలేదు, ఎ లో 78. గంటసేపు డిష్‌నే అటూ ఇటూ కదిలించి ఉన్నది కూడా పోగొట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే, ఎఫ్ కనెక్టర్ (వైరు చివర బిగించే మర) విప్పితే జాలిలోంచి వెంట్రుకంత పోగొకటి మధ్య తీగకి ఆనీ ఆననట్టు ఉంది. అది కత్తిరించి మళ్ళీ బిగించాను, ఎల్‌ఎన్‌బిని కూడా కొంచెం వాల్చాను, ఇప్పుడు రెండూ 80 పైనే. రాత్రి సప్తగిరి రికార్డ్ అవుతుంటే నాన్న ఛానళ్ళు తిప్పుతూనే ఉన్నాడు, ఏమీ ఆగలేదు. పొద్దున అమ్మ మొత్తం చూసింది.

అనంత_సిగ్నల్:
శభాష్. పైన కనెక్టర్లకి రబ్బరు టేపు చుట్టావా? మన సీమలో వాన తక్కువే గానీ పడిన రోజు సరిగ్గా అక్కడే దూరుతుంది. వైరు ఎల్‌ఎన్‌బి దగ్గర కిందికి ఒక వంపు తిరిగి ఉండాలి, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

మిద్దెమీద_డిష్:
టేపు చుట్టలేదు. ఇప్పుడే పోతున్నా మిద్దె మీదికి.