రికార్డు పాటకు ఆడిన భామాకలాపాన్ని కలాపం అనవచ్చా?

గజ్జెల మోత:
పోయిన ఆదివారం మా ఊళ్లో కూచిపూడి నృత్యనాటకం భామాకలాపం చూశాను. సత్యభామ వేసిన అమ్మాయిది మంచి అభినయం. ప్రవేశ దరువులో, అంటే పాత్ర తనను పరిచయం చేసుకునే పాటలో, తెర మీదుగా జడ వేసినప్పుడు ఒళ్లు పులకరించింది. తరువాత చెలికత్తె మాధవి వచ్చి మొగుడి పేరు చెప్పమని అడిగే ఘట్టం. పేరు చెప్పడానికి భామకు సిగ్గు. చెప్పకుంటే మాధవి కదలదు. జనం నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే స్పీకర్లోంచి భామ జవాబు వచ్చేసింది. పాపం, ఆ అమ్మాయి అప్పుడే పెదవి కదపబోతోంది. జవాబు ఆమెను దాటి వెళ్లిపోయింది.
కలాపం అంటేనే ఇద్దరి మధ్య వాదం. ముందే రికార్డు చేసిన వాదాన్ని వాదమని ఎలా అంటాం? ఇలాంటి ప్రదర్శనకు ఆ పేరు పెట్టకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

డల్లాస్ నుంచి ఒక తల్లి:
మీ బాధ అర్థమైంది. మా బాధ కూడా వినండి. నట్టువాంగం (తాళాలతో ఆటను నడిపించడం), గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు అని లెక్కేస్తే ఐదుగురు. వారికి విమాన టికెట్లు, బస, పారితోషికం, రిహార్సళ్లకు వారం రోజులు. రికార్డింగే లేకపోతే మా అమ్మాయి ఇంతవరకు ఒక్కసారి కూడా వేదిక ఎక్కేది కాదు. పదకొండేళ్లు నేర్చుకుంది. ఆమె ఆడింది కూచిపూడి కాదంటారా?

మద్దెల:
అమ్మా, మీ అమ్మాయి శ్రమను ఎవరూ కాదనరు. నేను మృదంగం వాయిస్తాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ఒకసారి ఆట మధ్యలో నర్తకి కాలి గజ్జె తాడు తెగింది. నట్టువనారు కనుసైగ చేశారు. గాయకురాలు పల్లవినే తిప్పి తిప్పి నాలుగుసార్లు పాడింది. ఆ పిల్ల అభినయంలోనే కూర్చుని, అలిగినట్టు తల తిప్పుకుని తాడు కట్టుకుంది. ముందు వరుసలో వారికి కూడా తెలియలేదు. అలిగింది సత్యభామ కదా, అనుకున్నారు! రికార్డు అయితే పాట వెళ్లిపోయేది, పిల్ల మిగిలిపోయేది.
ఇంకొక మాట. రికార్డింగుకు మాకు ఒక్కసారే డబ్బు ఇస్తారు. ఆ తరువాత వంద చోట్ల వాడుకుంటారు. మా ఇళ్లలో పిల్లలు మృదంగం ఎందుకు నేర్చుకుంటారు చెప్పండి.

పాత ప్రతులు:
అందరూ రికార్డును నిందిస్తున్నారు. వాచికం, అంటే పాత్ర తానే మాట్లాడి పాడడం, నర్తకి నోటి నుంచి జారిపోయింది రికార్డుల వల్ల కాదు, అంతకు చాలా ముందే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఏకపాత్ర నృత్యాన్ని ముందుకు తెచ్చి, ఆడపిల్లలకు నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, నృత్యనాటకాలను పట్నపు వేదికకు తగ్గట్టు బిగించారు. పాట పక్కన కూర్చున్న గాయకులది, ఆట నర్తకులది అయింది. రాత్రుళ్ల తరబడి సాగిన కలాపం రెండు గంటలకు కుదిరింది. ఆ మార్పుల వల్లే కూచిపూడి దేశమంతటికీ తెలిసింది. వాటిని ఒప్పుకున్నవారు రికార్డు దగ్గర మాత్రం సంప్రదాయం అంటే నేను ఒప్పుకోను.

గజ్జెల మోత:
మీ మాటలో నిజముంది. ఆడవారు రావడం ఈ కళకు జరిగిన గొప్ప మేలు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పక్కన కూర్చున్న గాయకురాలి చూపు నర్తకి మీదే ఉండేది. నర్తకి ఆగితే పాటా ఆగేది. యంత్రానికి ఆ చూపు లేదు.
తమిళనాట మెలట్టూరులో భాగవతమేళ అనే నృత్యనాటకం చూడండి. ఏటా నరసింహ జయంతికి మెలట్టూరు వెంకటరామ శాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రను తెలుగులోనే ఆడతారు. పాత్రధారులు తమ మాటలు తామే చెబుతారు. చుట్టూ తమిళం. అక్కడ నిలిచింది మన దగ్గర ఎందుకు నిలవదు?
నా ప్రతిపాదన ఒకటే. ఒంటరిగా ఆడే తరంగమో, శబ్దమో రికార్డుకు ఆడుకోండి, నేను అడ్డు చెప్పను. కలాపంలో సంవాదం మాత్రం ఇద్దరూ నోటితోనే చెప్పాలి. దానికి ఐదుగురు వద్దు. తాళాలు, ఒక శ్రుతి పెట్టె చాలు.

డల్లాస్ నుంచి ఒక తల్లి:
ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. అడ్డం డబ్బు ఒక్కటే కాదు. మా అమ్మాయికి దరువులో ప్రతి పదానికీ హస్తం (చేతి ముద్ర) తెలుసు, అర్థం తెలుసు. కానీ అమ్మమ్మతో ఫోనులో నాలుగు వాక్యాలు వరుసగా తెలుగులో మాట్లాడలేదు. వేదిక మీద భామ అయి మాట్లాడమంటే భయపడుతుంది. స్పీకర్ వెనుక దాక్కుంటోంది అని మీకు అనిపించవచ్చు. నాకూ అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఇంట్లో మేము తెలుగు మాట్లాడి ఉండాల్సింది.

పాత ప్రతులు:
ఈ మాట నేను ఆలోచించలేదమ్మా. నా వాదన చరిత్రకు సంబంధించింది, మీరు చెప్పింది రేపటి పిల్లలకు సంబంధించింది. సంవాదం విషయంలో గజ్జెల మోత గారితో ఏకీభవిస్తున్నాను. మిగతాదానిలో కాదు.

మద్దెల:
అమ్మా, మొత్తం కలాపం వద్దు. మొగుడి పేరు అడిగే చోటు ఒక్కటే తీసుకోండి. అక్కడ భామకు మాటలు తక్కువ, తడబాటు ఎక్కువ. మీ అమ్మాయి తెలుగు తడబడినా పాత్రకు సరిపోతుంది. మాధవి మాటలు మీరే చెప్పండి, వంటింట్లోనైనా సరే. నేను నెమ్మదిగా చదివి పంపనా?

డల్లాస్ నుంచి ఒక తల్లి:
పంపండి. మాధవి మాటలు కూడా పంపండి, నేనూ నేర్చుకోవాలి.